రాని వ్యాన్‌కు వందన సమర్పణ

మా అత్తగారికి కోపం వస్తే అరవదు, థాంక్స్ చెబుతుంది. పేరు నాగమణి. ఖమ్మంలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరైంది. గోడ దూకి సెకండ్ షోకి వెళ్ళొచ్చిన పిల్లల్ని వరసగా నిలబెట్టి, "తిరిగొచ్చినందుకు థాంక్స్ అమ్మా" అనేదట. ఆ మాటకి ఏడ్చినంతగా బెత్తం దెబ్బకి కూడా ఎవరూ ఏడవలేదని నా భార్య విద్య చెబుతుంది. అమెరికాలో షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా ఇంటికొచ్చాక ఆ థాంక్సులన్నీ నాకే. నేను చెత్త డబ్బా వీధిలో పెట్టడం మరిచిపోతే, "మన చెత్తని పరాయివాళ్ళ పాలు కాకుండా కాపాడారు, థాంక్స్ బాబూ" అంటుంది. నేను మంచులో చెప్పులేసుకుని పరిగెత్తి డబ్బా పెట్టొస్తాను.

2012లో ఆవిడ రెండోసారి వచ్చినప్పటి సంగతి ఇది. జనవరిలో దేశాధ్యక్షుడి వార్షిక ప్రసంగం టీవీలో వస్తుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. మాట మాటకీ సగం సభ లేచి చప్పట్లు కొడుతోంది, మిగతా సగం కదలడం లేదు. ఆవిడ చాలాసేపు చూసి, "మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళందర్నీ ఒకవైపే కూర్చోబెట్టారేంటి బాబూ?" అంది. అవి రెండు పార్టీలని చెప్పాను. శాలువా కప్పలేదనీ, దండ వెయ్యలేదనీ, జ్యోతి ప్రజ్వలన లేకుండా ఇంత పెద్ద సభ ఎలా మొదలుపెట్టారనీ ఆవిడకి ఇంకా చాలా అభ్యంతరాలున్నాయి.

పొద్దున్నే షికాగో రైలు పట్టుకోవాలి కాబట్టి రాత్రి పూట వచ్చే కామెడీ షో నేను రికార్డ్ చేసుకుని మర్నాడు చూస్తాను. ఆ మర్నాటి సాయంత్రం ఆవిడ కూడా పక్కన కూర్చుంది. కోటు వేసుకుని బల్ల వెనకాల కూర్చున్న కమెడియన్ ముందురోజు ప్రసంగంలోంచి ఒక ముక్క చూపించాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి, నోరు మెదపకుండా కెమెరా వంక చూశాడు. స్టూడియోలో జనం పడీ పడీ నవ్వారు.

"ఈ అబ్బాయికి పెళ్ళాం పిల్లలున్నారా?" అంది అత్తగారు.

"ఉండే ఉంటారు. ఎందుకండీ?"

"పాపం. ఎప్పుడు పట్టుకెళ్తారు పోలీసులు?"

ఇక్కడ అలాంటివేం ఉండవనీ, దేశాధ్యక్షుణ్ణి ఎంత వెక్కిరించినా ఎవరూ ఏమీ అనరనీ చెప్పాను. తల ఊపింది గానీ నమ్మలేదు. మర్నాడు నేను రైల్లో ఉండగా ఫోన్ చేసింది. "ఉన్నాడు బాబూ. రాత్రి కూడా వచ్చాడు" అంది, చుట్టం క్షేమం కబురు చెప్పినట్టు. అప్పట్నుంచి ఆ కమెడియన్‌ని ఇంకా పట్టుకెళ్ళలేదని చూసుకోవడం ఆవిడకి కాఫీ తర్వాతి పని అయింది.

అయితే ఒక్కతే చూడదు. ధనమ్మగారితో కలిసి చూస్తుంది. ధనమ్మగారిది గుంటూరు. గ్రీన్ కార్డ్ వచ్చి కొడుకు దగ్గరే ఉండిపోయింది. కిందటేడు అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు, ఉగాది ఫంక్షన్‌లో గులాబ్ జామ్ లైన్లో ఇద్దరికీ పరిచయం. ఆవిడ ఇల్లు మా ఇంటికి కార్‌లో పది నిమిషాలు. ఆ పది నిమిషాలే గండం. ఇద్దరికీ డ్రైవింగ్ రాదు, దారిలో ఫుట్‌పాత్ లేదు, ఉన్నచోట మంచు. వారమంతా మాకు ఆఫీసులు, శనివారం మా అమ్మాయి అదితి డాన్స్ క్లాస్, లెక్కల క్లాస్, స్విమ్మింగ్. వాళ్ళింట్లోనూ ఇదే వరస. అంచేత ఇద్దరూ ఎవరి సోఫాలో వాళ్ళు కూర్చుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని, "వన్, టూ, త్రీ, నొక్కు వదినా" అనుకుని ఒకేసారి రికార్డింగ్ మొదలుపెట్టేవాళ్ళు. చలికాలమంతా అలాగే గడిచింది.

రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు జోకులు మాకు చెప్పేది. ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చి నేను రికార్డింగ్ వెనక్కి తిప్పి చూశాను. ఆవిడ చెప్పిన జోకు ఎక్కడా దొరకలేదు. ఆవిడదే బాగుంది కాబట్టి నేను పైకి అనలేదు.

ఇక వ్యాన్ సంగతి. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఒక సంఘం ఉంది, పేరెందుకులెండి. దాని అధ్యక్షుడు వేణుమాధవ్. మంచివాడు. ఎవరింట్లో ఏ ఆపద వచ్చినా ముందుగా వెళ్ళే మనిషి. కానీ మైక్ చేతికిస్తే మాత్రం మనిషి మారిపోతాడు. కిందటి ఉగాదికి అధ్యక్షోపన్యాసంలో, "మన పెద్దలే మన సంపద! వాళ్ళు నాలుగు గోడల మధ్య మగ్గకూడదు! ప్రతి శనివారం సీనియర్స్ కోసం వ్యాన్!" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆ తర్వాతి శనివారం నేను అదితిని క్లాస్ నుంచి తీసుకొచ్చేసరికి అత్తగారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పట్టుచీర, కింద స్నీకర్లు, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్.

"ఎక్కడికండీ?" అన్నాను.

"వ్యాన్ వస్తుందిగా."

అది ఉపన్యాసమనీ, వ్యాన్ కాదనీ నసుగుతూ చెప్పాను. "ఖమ్మంలో అయితే నేనూ నమ్మను బాబూ. అమెరికాలో చెప్తే చేస్తారనుకున్నా" అంది, స్నీకర్లు విప్పుకుంటూ. వేణుమాధవ్‌ని అడిగితే ఇన్సూరెన్స్ అన్నాడు, లయబిలిటీ అన్నాడు, సబ్ కమిటీ వేశామన్నాడు.

ఈ వేణుమాధవ్‌కి కూడా అదే కమెడియన్ అంటే ప్రాణం. దేశాధ్యక్షుణ్ణి ఉతికి ఆరేసిన వీడియో ఏది వచ్చినా సంఘం వాళ్ళందరికీ ఈమెయిల్ పెట్టి, కింద "ఇదీ ప్రజాస్వామ్యం అంటే!" అని రాసేవాడు.

ఉగాది మళ్ళీ వచ్చింది. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. సభ చివర వందన సమర్పణ ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళలో ఒకరి చేత చేయిస్తారు. కమిటీ రాసిచ్చిన కాగితం చూసి స్పాన్సర్లకీ, సౌండ్ సిస్టమ్ వాళ్ళకీ, వంటల కమిటీకీ కృతజ్ఞతలు చెప్పడమే పని. ఆ సమయానికి జనం సగం పులిహోర లైన్లో ఉంటారు కాబట్టి ఎవరూ వినరు. కల్చరల్ కమిటీలో ఉన్నాను గనక ఆ అవకాశం నేనే మా అత్తగారికి ఇప్పించాను. ఆవిడకి థాంక్స్ చెప్పే పని అప్పగించడం ఎంత ప్రమాదమో ఇంట్లో ఉన్నవాణ్ణి నాకే తట్టలేదు, ఇక కమిటీకి ఎలా తడుతుంది?

స్కూల్ ఆడిటోరియం నిండిపోయింది. వేణుమాధవ్ సిల్కు లాల్చీలో వచ్చి మైక్ అందుకున్నాడు. మన భాష, మన సంస్కృతి, మన పిల్లలు అయ్యాక, "మన పెద్దలే మన సంపద!" దగ్గరికొచ్చాడు. నేను ముందు వరసలో ఉన్న అత్తగారి వంక చూశాను. ఆవిడ రెండో సంవత్సరం అదే పాఠం వింటున్న పిల్లలా పెదవులు కదుపుతోంది. "ప్రతి శనివారం సీనియర్స్ కోసం వ్యాన్!" అని ఇద్దరూ ఒకేసారి ముగించారు. చప్పట్లు మోగాయి.

ఆవిడ వేదికెక్కింది. కళ్ళజోడు పెట్టుకుంది, కమిటీ కాగితం విప్పింది, చూసింది, మళ్ళీ మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది.

"సభకి నమస్కారం. అధ్యక్షుల వారికి ముందుగా వ్యాన్ గురించి థాంక్స్ చెప్పుకోవాలి. కిందటి ఉగాది నుంచి ఈ ఉగాది దాకా ఆ వ్యాన్ ఒక్కరోజు కూడా లేట్ అవలేదు."

హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఏ వ్యాన్ అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వేణుమాధవ్ కూడా చిరునవ్వుతో చేతులు జోడించాడు, అలవాటు కొద్దీ.

"ఈ ఏడు అంత మంచు పడిందా, ఆ వ్యాన్ ఎక్కడా జారలేదు. ఎవరి కార్‌నీ గుద్దలేదు. పెట్రోలు ఒక్క చుక్క తాగలేదు. సంఘం సొమ్ము ఇంత పొదుపుగా వాడిన అధ్యక్షుణ్ణి నేనెక్కడా చూడలేదు." అక్కడ ఆపి, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి, నోరు మెదపకుండా జనం వంక చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. రోజూ మా టీవీలో చూసేదే.

పెద్దల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పులిహోర లైన్లోంచి జనం ప్లేట్లతో వెనక్కి రావడం మొదలుపెట్టారు.

"డ్రైవర్ బాబు ఎంత నెమ్మదస్తుడో! ఇంతవరకూ మాతో ఒక్క మాట మాట్లాడలేదు. సీట్లయితే చాలా మెత్తన."

"కిటికీ సీటు నాదే!" అని ధనమ్మగారు అరిచింది.

ఇక హాలు ఆగలేదు. "ఏసీ ఎక్కువైందమ్మా, తగ్గించమను!" అని ఒక పెద్దాయన. "మా వీధిలో ఆపకుండా వెళ్ళిపోతున్నాడు!" అని ఇంకొకావిడ. కుర్రాళ్ళు ఈలలు వేశారు. విద్య నా చెయ్యి గిల్లుతోంది, నవ్వుకో భయానికో తెలియదు. వేణుమాధవ్ ముఖం మాత్రం తెల్లబోయింది. దేశాధ్యక్షుణ్ణి అంటే నవ్వడం సులువు. తనని అంటే ఆ సిల్కు లాల్చీలో చెమటలు పట్టాయి. నాకు కల్చరల్ కమిటీలో ఇదే ఆఖరి రోజు అనుకున్నాను.

నవ్వులు తగ్గేదాకా ఆవిడ ఆగింది. తర్వాత గొంతు మార్చింది.

"బాబూ వేణుమాధవ్ గారూ, మీరు మంచివారు. అందుకే అడుగుతున్నా. ధనమ్మ వదినతో నేను రోజూ మాట్లాడతాను, కానీ మనిషిని చూడటం ఏడాది తర్వాత ఇదే. వచ్చే నెల నేను ఇండియా వెళ్ళిపోతున్నా. మళ్ళీ వస్తానో రానో. ఈలోగా ఒక సోఫాలో కూర్చుని ఒక పూట కబుర్లు చెప్పుకోవాలని ఉంది. అంతే. ఇక భోజనాలకి వెళ్ళండి, పులిహోర చల్లారిపోతుంది."

వేణుమాధవ్ మైక్ తీసుకున్నాడు. "మన పెద్దలే..." అని మొదలుపెట్టి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు.

"వ్యాన్ లేదు ఆంటీ. కమిటీ మీద కమిటీ వేశాం గానీ, లేదు. నాకు మినీవ్యాన్ ఉంది. శనివారం నేనే వస్తాను."

ఈసారి చప్పట్లకి మోకాళ్ళ నొప్పులున్న వరస మొత్తం లేచి నిలబడింది.

శనివారం ఆవిడ మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుంది. పట్టుచీర, స్నీకర్లు. నేను అదితి క్లాసులన్నీ మాన్పించి ఇంట్లోనే ఉన్నాను. మళ్ళీ ఆవిడ ఊరికే స్నీకర్లు విప్పుకోవడం చూడలేననిపించింది. హారన్ వినపడింది. వేణుమాధవ్ మినీవ్యాన్ ఆగింది, లోపల కిటికీ పక్కన ధనమ్మగారు. "నువ్వు రావడమెందుకు, నేనే వచ్చా వదినా!" అంటూ దిగింది.

ఇద్దరినీ ఒకే సోఫాలో కూర్చోబెట్టి ముందురాత్రి షో పెట్టాను. కమెడియన్ ఏదో అన్నాడు. స్టూడియో గొల్లుమంది. వీళ్ళిద్దరూ మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

"నవ్వవేంది వదినా?" అంది ధనమ్మగారు.

"మీరు నవ్వుతారేమోనని చూస్తున్నా."

"నాకేం తెలుసు ఆ ఇంగ్లీషు! ఫోన్‌లో నువ్వు నవ్వుతుంటే నేనూ నవ్వేదాన్ని."

"అయ్యో, నేనూ అంతేగా! మీరు నవ్వుతున్నారు కదా, బాగుందేమోనని నవ్వేదాన్ని."

అప్పుడు నవ్వారు చూడండి, సోఫా కదిలిపోయింది. వేణుమాధవ్ లేచి ఆ జోకులో ఉన్న రాజకీయ నేపథ్యం వివరించబోయాడు. విద్య ఆయన చేతిలో టీ కప్పు పెట్టి కూర్చోబెట్టింది. అత్తగారు రిమోట్ తీసుకుని టీవీ కట్టేసింది. చీకటి పడేదాకా మాటలు ఆగలేదు.

వెళ్ళేటప్పుడు వేణుమాధవ్ నన్ను పక్కకి పిలిచి, "ఆంటీ నాకు థాంక్స్ చెప్పలేదేంటి? ఇంకా కోపమా?" అన్నాడు. "చెప్పలేదంటే సంతోషించండి. నాకు పొద్దున కూడా చెప్పింది" అన్నాను.

ఆ తర్వాత ప్రతి శనివారం ఆయన వచ్చాడు, ఒక్కోసారి ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళని ఎక్కించుకుని. టీవీ ఎవరూ పెట్టలేదు. అత్తగారి ప్రయాణానికి ముందు శనివారం ధనమ్మగారు వ్యాన్ ఎక్కి కూర్చున్నాక, అత్తగారు తలుపు మూయనివ్వకుండా పట్టుకుని నిలబడింది. కళ్ళు నీళ్ళతో నిండాయి.

"థాంక్స్ వదినా" అంది.

నేనూ విద్యా ఉలిక్కిపడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ మాట అంటే ఎవరో ఏదో తప్పు చేసినట్టే మా లెక్క. పాపం, ధనమ్మగారు ఏం చేసిందని? అర్థం కావడానికి మాకు కాస్త సమయం పట్టింది.

ధనమ్మగారికి వెంటనే అర్థమైంది. కొంగుతో ముఖం తుడుచుకుని, సీటు తట్టి చూపించి, "సీట్లు నిజంగానే మెత్తగా ఉన్నాయి వదినా" అంది.