రాహేలమ్మ గారి పది సినిమాలు

గన్నవరంలో బస్సెక్కి కూర్చున్నానో లేదో, వెనక సీటులో ఎవరో ఫోన్‌లో పాత కామెడీ సినిమా పెట్టారు. బొమ్మ కనబడదు, మాటలు మాత్రం బస్సంతా వినబడుతున్నాయి. వాటిలో ప్రతి మాటా నాకు కంఠతా వచ్చు. ఒకప్పుడు ఆ సినిమా మొత్తాన్ని టైపు చేశాను. రాహేలమ్మ గారి కోసం చేశాను. ఆవిడ అడగలేదు.

గవర్నర్‌పేటలో పుస్తకాలు అచ్చువేసే ఒక ప్రెస్సులో నేను డీటీపీ ఆపరేటర్‌గా చేరేనాటికి ఆవిడ అక్కడ ప్రూఫ్ రీడర్. యాభై దాటిన మనిషి. వయసులో ఉండగా జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. ఆవిడ నోటితో మాట్లాడేవారు, మేం కాగితం మీద రాసి చూపించేవాళ్ళం. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, నా కంప్యూటర్‌లో ఏదో ఒక విదేశీ సినిమా పెట్టించుకుని, కింద ఇంగ్లీషులో పడే మాటలు చదువుకుంటూ రోజుకు అరగంట చూసేవారు. అన్నిటికంటే నచ్చిన పది సినిమాల జాబితా పాత ప్రూఫు కాగితం వెనక రాసుకున్నారు. కొత్తది నచ్చితే పాతది ఒకటి కొట్టేసేవారు. ఊరూరా తిరిగి పియానోలు బాగుచేసే పోలండ్ ముసలాయన కథ, మిరపకాయలు ఆరబోస్తూ ఏడాదంతా మాట్లాడుకోని కొరియా అక్కచెల్లెళ్ళ కథ, పడవలో బడి నడిపే బ్రెజిల్ పంతులమ్మ కథ. ఈ మూడింటి జోలికి మాత్రం ఆవిడ ఎర్ర పెన్ను ఎన్నడూ వెళ్ళలేదు.

"ఒక్క తెలుగు సినిమా కూడా లేదేంటండీ?" అని ఒకరోజు రాశాను.

"ఎలా ఉంటుందమ్మా? పోలండు వాళ్ళు ఏమనుకుంటున్నారో నాకు తెలుస్తుంది. మనవాళ్ళు ఏమనుకుంటున్నారో తెలియదు. కింద రాయరుగా!" అని నవ్వారు. తర్వాత ఆ కామెడీ సినిమా పేరు చెప్పారు. "టీవీలో అదొస్తే మా ఇంట్లో అందరూ పడీపడీ నవ్వుతారు. ఏమన్నాడ్రా అంటే మా తమ్ముడి పిల్లలు 'ఏం లేదత్తా' అంటారు."

ఇది విన్నాక కూడా నేను అదే పని చేశాను. వారం తిరక్కుండానే మెషీన్ దగ్గర ఎవరో జోకు వేస్తే అందరం నవ్వాం. ఆవిడ తలెత్తి "ఏంటమ్మా?" అన్నారు. నా చేతిలో అర్జెంటు పేజీ ఉంది. చెయ్యి అడ్డంగా ఊపి "ఏం లేదండీ" అన్నాను. పెదాలు చూసి ఆమాత్రం పోల్చుకోగలరు.

"నువ్వు కూడానా?" అని పెన్నుకు మూత పెట్టేశారు. ఆ రోజు నుంచి సినిమా పెట్టమని అడగడం మానేశారు.

ఏమని రాసి చూపిస్తే సరిపోతుందో నాకు తోచలేదు. హనుమాన్ జంక్షన్‌లో మా ఇంట్లో కూర్చుని, ఆ కామెడీ సినిమాను ఆపుతూ ఆపుతూ, ప్రతి మాటా తెలుగులో టైపు చేశాను. అవి తెర కింద పడేలా చేయడం ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్నాను. రెండు నెలల ఆదివారాలు పట్టింది. ఒక మధ్యాహ్నం ఏమీ చెప్పకుండా ఆవిడ ముందు పెట్టాను. తెలుగు అక్షరాలు కనబడగానే కుర్చీ ముందుకు జరుపుకున్నారు. అయిదు రోజులు చూశారు. రెండుసార్లు నవ్వారేమో.

"ఇంతేనా! ఇన్నేళ్ళూ వీళ్ళు నవ్వుతోంది దీనికా?" అన్నారు చివర్లో.

సినిమా జాబితాలోకి ఎక్కలేదు. నాకు కాస్త బాధేసింది. ఆవిడ మాత్రం బరువు దించుకున్న మనిషిలా కనిపించారు.

మర్నాడు నాలుగు పేజీల తప్పొప్పుల పట్టికతో వచ్చారు. అచ్చుతప్పులు సరే. ఒకచోట గీత గీసి, "ఇక్కడ ఎవరూ నోరు మెదపలేదు, నువ్వూ ఖాళీగా వదిలేశావు. మరి ఆ పిల్ల తల తిప్పి చూసిందెందుకు?" అని అడిగారు.

"బయట సైకిల్ బెల్లు మోగిందండీ" అని రాశాను.

"మరది రాయవే? నీకు వినబడింది కాబట్టి నాకు అక్కర్లేదనుకున్నావా?"

ఆవిడ పోయి మూడేళ్ళయింది. సినిమాలకు తెర కింద మాటలు రాయడమే ఇప్పుడు నా ఉద్యోగం. మాటలన్నీ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చూస్తాను, ఎవరూ మాట్లాడని చోటల్లా ఆగుతూ. కుక్కర్ విజిల్, గేటు చప్పుడు, పక్కింట్లో బిందె దించిన శబ్దం, అన్నీ రాస్తాను. "అవన్నీ దేనికండీ, తీసేయండి" అని నిర్మాతల మనుషులు ఫోన్ చేస్తారు. తీసేసేటట్టయితే నా పేరు కూడా తీసేయమంటాను. ఇప్పటికి రెండుసార్లు తీసేశారు.