పిల్లల సభలో అడిగిన బల్బు

మొన్న మన్ననూరులో ఒక మీటింగుకు పోతే ముందుగా హాజరు పుస్తకం చేతికిచ్చారు. సంతకం రాని ముసలమ్మల కోసం పక్కనే ఊదారంగు సిరాపెట్టె మూత తీసి పెట్టారు. ఆ వాసన తగలగానే సంతకం పెట్టకుండానే పుస్తకం పక్కవాళ్ళకు అందించేశాను. మేం చెంచులం. అడవిలోని మా పల్లెను పెంట అంటాం. నా చిన్నతనంలో ఈ సిరావాసన మా పెంటకు ఒకే ఒక్కసారి వచ్చింది, వచ్చి ఊరకే పోలేదు.

పెంటలో పన్నెండు గుడిసెలు, చుట్టూ నల్లమల. ఎండలు ముదరకముందే ఇప్పపూలు రాలేవి. బుట్టలు పట్టుకుని పోయి, మంచుతడితో చల్లగా ఉన్న ఆ పూలను ఏరుకొచ్చి బండమీద ఆరబోస్తే పెంటంతా తీయగా, మత్తుగా వాసనేసేది. ఆ తరవాత మొర్రిపండ్లు, తునికిపండ్లు, తిని తిని నోరు వగరెక్కేది. వానల్లో అవ్వ గడ్డలు తవ్వుకొచ్చి నిప్పుల్లో కాలిస్తే, బూడిద ఊదుకుంటూ, నాలుక కాల్చుకుంటూ మింగేవాళ్ళం. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే జనం మా దారినే పోయేవారు. మల్లన్న మా ఇంటి అల్లుడు కాబట్టి వాళ్ళంతా అల్లుడి తరఫు చుట్టాలేనని చెప్పి అవ్వ కుండెడు నీళ్ళు దారిపక్కన పెట్టేది, కానీ ఆ చుట్టాలు పోయేదాకా మా కోళ్ళను మాత్రం గంప కింద కమ్మేసి ఉంచేది.

అవ్వ అనుమానం కోళ్ళ దాకానే. తాత అనుమానానికి హద్దే లేదు. కొత్తవాళ్ళు బిస్కట్లు ఇస్తే ముందు కుక్కకు వేసి, అది తోక ఊపితేనే మాకు పంచేవాడు. చదువు రాకపోయినా, ఏ కాగితమిచ్చినా వెనక్కి తిప్పి చూసేవాడు. కొండ చరియకు పట్టిన పెద్ద తేనె తీయడానికి, తీగలతో పేనిన తాడు నడుముకు కట్టుకుని లోయలోకి దిగేవాడు. పైన ఆ తాడు పట్టేది అవ్వ తమ్ముడొక్కడే. తాత సొంత అన్నదమ్ములు దూరంగా నిలబడి చూడాల్సిందే. మావాళ్ళందరిదీ ఇదే పద్ధతి. తోడబుట్టినవాడికి ఏ పొద్దున ఏ పాడుబుద్ధి పుడుతుందో చెప్పలేం గానీ, బావమరిది తన అక్క బతుకును చేజేతులా పాడుచేయడు కదా. పిల్లలం దీన్ని చెప్పుకుని నవ్వేవాళ్ళం.

నేను మన్ననూరు హాస్టలు బడిలో చదువుతూ వేసవి సెలవులకు పెంటకు వచ్చినప్పుడు, ఒక పొద్దున జీపు వచ్చింది. ఏ ఆఫీసు వాళ్ళో ఇప్పటికీ నాకు తెలియదు. మా కులం పంచాయితీకి కూర్చుంటే, పెళ్ళయి సొంత పొయ్యి పెట్టుకోనివాళ్ళు నోరు విప్పకూడదు. వీళ్ళేమో పెద్దలను పక్కకు జరిపి, మమ్మల్ని చాపలమీద కూర్చోబెట్టి, ఇది పిల్లల సభ అన్నారు.

"ఇన్నేండ్లు పెద్దోళ్ళే మాట్లాడిన్రు. ఇగ మీరు చెప్పాలె. మీకేం కావాలె?" అన్నాడు కళ్ళద్దాల సారు.

నాకు పదకొండేళ్ళు. అప్పటిదాకా ఏం కావాలని నన్నెవరూ అడగలేదు. అందరికన్నా ముందు లేచి, "బల్బు కావాలె సార్" అన్నాను. నన్ను చూసి మిగతావాళ్ళకూ ధైర్యం వచ్చింది. నల్లా, బడి, బస్సు, దవాఖాన, ఒకరి తరవాత ఒకరు అడిగారు, సారు అన్నీ రాసుకున్నాడు. సంతకం వచ్చింది నాకొక్కదానికే. మిగతావాళ్ళు వేలిముద్రలేసి, ఊదారంగు బొటనవేళ్ళను ఒకరికొకరు చూపించుకుంటూ సాయంత్రం దాకా కడుక్కోలేదు.

జీపు పోయాక తాత నన్ను పిలిచాడు.

"మిమ్మల్ని లోయల దించిన్రు బిడ్డా. మరి పైన తాడు పట్టిందెవరు? రేపు మనం పడితే ఆళ్ళ ఇంట్ల ఎవరన్న ఏడుస్తరా?"

"నీకేం తెల్వదు తాతా" అని విసుక్కుని లేచిపోయాను.

వానలు పడ్డాక జీపు మళ్ళీ వచ్చింది. ఈసారి పెద్దలను పిలిచి మా కాగితం చదివారు. పులులున్న అడవిలో ఇవన్నీ ఇవ్వడం కుదరదనీ, అడవి కింద సర్కారు కట్టిన కాలనీలో సిద్ధంగా ఉన్నాయనీ, రమ్మని మీ పిల్లలే అడుగుతున్నారనీ చెప్పి, అందరికీ కనబడేలా నా సంతకం మీద వేలు పెట్టి చూపించారు. ఆ కాగితంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మేం అడిగినవే రాశారు. ఇక్కడే కావాలి అని మేం చెప్పలేదు, అంతే. మాకు పెంట తప్ప వేరే చోటే లేదు, ఇక ఎక్కడ అని చెప్పాలని ఎలా తడుతుంది? దొంగ సంతకమైతే గొడవ పడేవాళ్ళం. నా సంతకం నిజమైనది, నా కోరికా నిజమైనదే. ఇన్నేళ్ళయినా దానికి నన్ను నేను క్షమించుకోలేదు.

"పిల్ల అబద్ధమాడలే" అన్నాడు తాత.

నా చదువు కోసమని ముందు మా అమ్మానాన్నలే దిగారు, తరవాత ఒక్కో గుడిసె ఖాళీ అయింది. అవ్వనూ తాతనూ కదిలించడం ఎవరివల్లా కాలేదు. చివరికి అవ్వ తమ్ముడు కూడా కొడుకుల వెంట కాలనీకి వెళ్ళిపోయాడు. ఇక తాడు పట్టేవాడు లేక, తేనె లేక, తాతా దిగాడు. రేకుల కింద, బల్బు వెలుతురు కంట్లో పడకుండా మొహానికి తుండుగుడ్డ కప్పుకుని పడుకునేవాడు. రెండేళ్ళకే పోయాడు.

మేం అడిగినవన్నీ వచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. పెంట ఉన్నచోట ఇప్పుడు పొదలు పెరిగాయంటారు. ఇప్పపూలు ఏరేవాళ్ళు లేక రాలినచోటే కుళ్ళిపోతాయి. మా కాలనీ పిల్లలకు తేనె అంటే సీసాలోది.

మొన్నటి మీటింగు కూడా అలాంటిదే. ఇప్పుడు పేరు యువత సభ. గ్రామసభలో యువతకు చోటిస్తామని, వాళ్ళ మాటే రాసుకుంటామని చెప్పి, ముందు వరుసలో ఉన్న మా కాలనీ పిల్లను ఒక సారు లేపి నిలబెట్టాడు. పదిహేనేళ్ళుంటాయి.

"చెప్పమ్మా, మీకేం కావాలె?"

ఆ పిల్ల చుట్టూ ఒకసారి చూసి, "ఏడ సార్?" అంది.

సారుకు అర్థం కాలేదు.

"ఏం కావాల్నో తరువాత చెప్త. అడిగింది ఏడ ఇస్తరో ముందు అది రాయుండ్రి."

నాకు అంతమందిలో ఏడుపు ఆగలేదు. పదకొండేళ్ళప్పుడు నాకు ఆ ఒక్క ప్రశ్న తట్టి ఉంటే, మా తాత తన గుడిసెలోనే కన్నుమూసేవాడు.