ఫ్రెంచిపేట హద్దు దాటి

మొన్న బందరులో ఆటో దిగగానే ‘ఫ్రెంచిపేట’ అన్న బోర్డు చూసి అక్కడే నిలబడిపోయాను.

నాకప్పుడు ఏడేళ్లు. తెల్లవాళ్లు వెళ్లిపోవాలని వీధివీధినా ఊరేగింపులు తీస్తున్న రోజులు. బందరు ఇంగ్లీషువాళ్లదే గానీ, ఎప్పుడో వర్తకానికొచ్చి సరుకులు దాచుకునే కోఠీ కట్టుకున్న ఫ్రెంచివాళ్లకు ఈ పేట మిగిలిపోయింది. పెత్తనమంతా వాళ్ల ఏలుబడిలోనే ఉన్న యానాం నుంచే. ఇందులో దొరలూ దొరసానులూ తిరుగుతుంటారని నేను ఊహించుకునేదాన్ని.

ఒకనాడు మా మేనత్త మూడురంగుల జెండా పట్టుకుని నడుస్తుంటే కానిస్టేబుల్ తరిమాడు. అత్తయ్య నన్ను లాక్కుంటూ పరుగెత్తి ఫ్రెంచిపేట హద్దురాయి దాటేసింది. అతను రాయి దగ్గరే ఆగిపోయాడు.

“జెండా ఇటిచ్చెయ్యమ్మా,” అన్నాడు రొప్పుతూ.

“ఇది మీ దొర రాజ్యం కాదండీ. కావాలంటే యానాం వెళ్లి అడిగి రండి!” అంది అత్తయ్య.

నేను చుట్టూ చూశాను. పూరిళ్లు, ఎండుచేపల వాసన, మనలాంటి మనుషులే. “అత్తయ్యా, ఫ్రెంచివాళ్లేరీ?” అని అడిగాను.

చేపలు ఆరబెడుతున్న ముసలామె నవ్వింది. “ఇక్కడెవరున్నారే పిచ్చిపిల్లా? ఉన్నదంతా మేమేగా!”

అత్తయ్య మొహంలో నవ్వు పోయింది. “నిజమే. ఒక దొరకి భయపడి ఇంకో దొర చాటున దాక్కోవడమేంటి?” అంటూ నన్ను ముసలామెకు అప్పగించి, జెండా పైకెత్తి, కానిస్టేబుల్ ఎదుటికే నడిచింది. కొన్ని నెలలు జైల్లో ఉండి వచ్చింది.

అత్తయ్యకు భయమే లేదని చాలాకాలం అనుకున్నాను. నన్ను అప్పగించేటప్పుడు ఆమె చెయ్యి వణికిన సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది. వణుకుతూనే నడిచింది.