ఎరీసా సాక్ష్యం

అంకోలే కొండల్లో ఎరీసా తాగుడు మాని ముప్పై ఏళ్లు. అయినా ప్రతి గురువారం ప్రార్థన కూటంలో లేచి తన పాత పాపాలు ఒప్పుకుంటాడు. అరటిపళ్ల కల్లు దగ్గరికొచ్చేసరికి కళ్లు అరమూసి, లేని సొరబుర్రను రెండు చేతులా ఎత్తిపట్టి, ఆ నురగనూ పులుపునూ నింపాదిగా వర్ణిస్తాడు. పెళ్లాం చెయ్యి విరగ్గొట్టిన సంగతి మాత్రం ఒక్క ముక్కలో దాటేస్తాడు. మొన్న గురువారం కూటంలో, వారం కిందటే తాగుడు మానిన మేస్త్రీ కరుహంగ వింటూ వింటూ గుటకలు మింగి, చివరికి లేచి కల్లంగడి దారి పట్టాడు. ఎరీసా చూశాడు. అయినా ఆపలేదు, ఇంకో బుర్ర ఎత్తాడు.

కూటం నుంచి ఇద్దరూ ఇంటికొచ్చాక భార్య యూనియా ఆ వంకర చేత్తోనే రాగిసంకటి పెడుతూ అంది: "యేసయ్య మాట చెప్పేటప్పుడు నీ నోరు ఏనాడూ ఇట్లా ఊరలేదయ్యా."

ఎరీసా పెదాలు తుడుచుకున్నాడు.