పోప్‌గారి రెండో చెవి

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో రైలు దిగి వెళ్లిన చర్చిలో పోప్ గ్రెగరీ విగ్రహం ఉంది. భుజం మీది పావురం ఆయన చెవిలో దేవుని మాట చెబుతూ ఉంటుంది. నేను ప్రార్థిస్తుంటే, బూదికోట నుంచి వచ్చిన ఒక రైతమ్మ విగ్రహం పక్కనున్న బల్లెక్కి నన్ను పిలిచింది.

“అమ్మా, ఆయప్ప ఇంగొక చెవి మూయి. నంది చెవిలో చెప్పేప్పుడు మూస్తామే, అట్ల. లేకుంటే నా మాట ఆపక్క పోతాది.”

కిందినుంచే చెయ్యెత్తి మూశాను.

“గట్టిగా! సందుండాది.” ఆమె పావురం వైపు వంగింది. “మా పట్టుపురుగులు ఆకు ముట్టలేదు. అయ్యకు చెప్పు తల్లీ.”

తాను దేవుని సేవకులకు సేవకుణ్ణని ఆ పోప్ చెప్పుకునేవారని నాన్న ఇంట్లో నేర్పారు. అలాంటి పోప్‌గారి చెవి మూసే సేవ నాకు దక్కినందుకు స్తోత్రం చెప్పుకున్నాను.

“ఇంగ నువ్వెక్కు, నేను మూస్తా” అందామె.

ఎక్కాను. నా కోరికేమిటో మరిచి, పట్టుపురుగుల సంగతే మళ్లీ చెప్పాను.