అడగని కాగితం

ఇక్కడి మిల్లులో షిఫ్టు మొదలయ్యే ముందు మా సూపర్‌వైజరు చిన్న చాకుతో పెన్సిలు చెక్కుతాడు. పోలాండ్ చలికి తలుపులన్నీ మూసి ఉంటాయి కాబట్టి ఆ చెక్కపొట్టు వాసన నా మగ్గం దాకా వస్తుంది. వచ్చిన ప్రతిసారీ జగిత్యాల ఆసుపత్రిలో ఒక ఇరుకు గది, అందులో ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో విమల మేడం గుర్తుకొస్తారు. ఏ దరఖాస్తునైనా ముందు పెన్సిల్‌తో నింపించడం ఆమె పద్ధతి. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పి, మందులు తప్పకుండా వేసుకునేలా చూసే కౌన్సిలర్ ఆమె. ఆ ఉన్నవాళ్లలో నేనొకణ్ని.

మాది సిరిసిల్ల. పవర్‌లూమ్‌లను మేం సాంచాలంటాం. నా బతుకంతా వాటి చప్పుడులోనే గడిచింది. మందులు మాత్రం జగిత్యాలలో తీసుకునేవాణ్ని. సిరిసిల్లవాళ్లం జగిత్యాల బస్సెక్కుతాం, జగిత్యాలవాళ్లు ఇంకో ఊరి బస్సెక్కుతారు. సొంత ఊళ్లో ఆ మందుల లైన్లో నిలబడే ధైర్యం ఎవరికీ లేదు. లైన్లో మగవాళ్లం ముఖాలకు రుమాళ్లు చుట్టుకునేవాళ్లం, ఎండ లేకపోయినా సరే.

నాకీ సంగతి బయటపడింది దుబాయ్ ప్రయాణం పెట్టుకున్నప్పుడు. మా వైపు "మెడికల్ అయిందా?" అంటే గల్ఫ్ వీసాకు పరీక్షలు అయ్యాయా అని అర్థం. జవాబులు రెండే: ఫిట్, అన్‌ఫిట్. నా కాగితం మీద రెండోది పడింది. భార్య లావణ్యకు నిజం చెప్పాను. తనకు పరీక్ష చేస్తే లేదని వచ్చింది. ఆ రోజు ఏడ్చినంతగా నేనెప్పుడూ ఏడవలేదు. వాడకట్టుకు మాత్రం కళ్లు సరిగా లేవని అన్‌ఫిట్ చేశారని చెప్పాను. ఎంత తెలివితక్కువ అబద్ధం! వారం తిరక్కుండానే మా ఆసామి, అంటే సాంచాల యజమాని, పిలిపించాడు.

"కండ్లు మంచిగ కనవడుతలెవ్వట గదరా శ్రీనూ. పోగు తెగితె ఎట్ల చూస్తవ్? గుడ్డ ఖరాబైతె నేనేం జెయ్యాలె?"

నిజం చెప్పలేను, అబద్ధం వెనక్కి తీసుకోలేను. పని పోయింది.

ఇదంతా విని విమల మేడం నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"నవ్వొస్తుందా మేడం?"

"నవ్వక ఏం జెయ్యాలె తమ్మీ? నీ కండ్ల సంగతి ఎవలన్న అడిగిండ్రా? అడగనిదానికి జవాబు జెప్పి ఉన్న పని పోగొట్టుకున్నవ్. ఇగ ఇను. అడగనిదానికి జవాబియ్యకు. అడిగితె అబద్ధమాడకు. గంతే."

ఆమెది బీర్పూర్. కూలికి పోయే తల్లి కడుపు కట్టుకుని చదివించిన మనిషి. మాటలో మెత్తదనం తక్కువే. కానీ ఇది నాకు ఎలా అంటిందని ఒక్కనాడు కూడా అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకే ఆమె ముందు తలెత్తి కూర్చోగలిగాను.

కొన్నాళ్లకు కోరుట్లలో ఒక ఏజెంటు దారి చూపించాడు. నా పేరు మీద ఇంకొకరు రక్తమిస్తారట, నేను మస్కట్ పోతానట. సంబరంగా వచ్చి మేడంకు చెప్పాను. ఆమె లేచి తలుపు దగ్గరికి వేశారు.

"ఆడికి పోయినంక మల్ల పరీక్ష జేస్తరు. తెలిసిననాడే ఎల్లగొడ్తరు. అందాక మందులెట్ల? దొంగతనంగ మింగుతవా? ఎన్నొద్దులు మింగుతవ్?"

"మరి నేనేం జెయ్యాలె? నాకు ఏ దేశం లేదా?"

"గల్ఫొక్కటేనా దేశం? ఈ సంగతి అడగని దేశాలు గుడ ఉన్నయి. ఎతుకుదాం."

ఉత్తమాట అనుకున్నాను. కానీ మందులకు పోయిన ప్రతి నెలా ఆమె టేబులు సొరుగులో నా కోసం ఏదో ఒక కాగితం ఉండేది. తిండి మానుకుని ఫోన్లు చేసేవారు. చివరికి పోలాండ్‌లో ఒక నేత మిల్లుకు మగ్గాలు తెలిసిన మనుషులు కావాలని కనుక్కున్నారు. మిల్లువాళ్లు వీడియోలో నా పని చూసి సరేనన్నారు. ఇక మిగిలింది వీసా. దరఖాస్తులో ఒక్కో ప్రశ్నకు తెలుగులో అర్థం చెప్పి, పెన్సిల్‌తో రాయించారు.

"దీంట్ల ఆ సవాలున్నదా?"

"లేదు మేడం."

"మల్లొకసారి సదువు."

నాలుగుసార్లు చదివించారు. నిజంగానే హెచ్ఐవీ గురించిన ప్రశ్న లేదు.

అయినా నా భయం నాతోనే ఉంది. గల్ఫ్‌కు పోయేవాడి ఫైల్లో మెడికల్ కాగితం అన్నింటికన్నా పైన ఉంటుంది. హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే ఆఫీసుకు పోయిన రోజు, ఆ అలవాటు కొద్దీ, మందుల కోసం వెంట ఉంచుకున్న జగిత్యాల హెచ్ఐవీ రిపోర్టు తీసి ఫైల్లో పైన పెట్టేశాను. అద్దం వెనక కూర్చున్న అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకునేదాకా నేనేం చేశానో నాకే తెలియలేదు.

"ఇదేంటండీ?"

"నా... మెడికల్."

"మా లిస్టులో లేదండీ. మేం అడగలేదు." అద్దం కింద నుంచి కాగితాన్ని నా వైపు తోసింది. "ఫొటో ఇంకొకటి ఉందా?"

బయటికొచ్చి మేడంకు ఫోన్ చేశాను. సంగతి వినగానే తిట్లు లంకించుకున్నారు. "నిన్నెవడు పెట్టుమన్నడురా పిచ్చోడా! నేనేం జెప్పిన నీకు?" అని, ఉన్నట్టుండి ఆగిపోయారు. "ఆ పిల్ల ఏమన్నది? మల్ల జెప్పు."

"మేం అడగలేదు అన్నది మేడం."

మూడుసార్లు చెప్పించుకున్నారు.

వీసా పడిన పాస్‌పోర్టు తీసుకుని నేరుగా జగిత్యాల పోయాను. లైన్లో అందరూ రుమాళ్లు చుట్టుకుని ఉన్నారు. నాది తీసేశాను. "నేను గుడ ఈ మందులే మింగుతున్న. నాకు పోలాండ్ వీసా అచ్చింది" అని గట్టిగా చెప్పాను. వెనక బల్ల మీద నుంచి ఎవరో, "ఏం పనికే అన్నా? పదోతరగతి ఫెయిలైనోల్లను తీస్కుంటరా?" అన్నారు. అంతే, చుట్టూ మూగారు. మేడం గదిలోంచి వచ్చి, "ఇది మందుల లైనా, ఎయిర్‌పోర్టా?" అని కసిరారు. కసురుతూనే కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

ఇప్పుడామె రిటైరై బీర్పూర్‌లో ఉన్నారు. నాకు దేశం చూపించారని అందరికీ చెబుతాను కానీ, అంతకన్నా పెద్దది ఇంకొకటి ఇచ్చారు. నా గురించి నేను భయం లేకుండా చెప్పుకోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

పోయిన నెల పన్ను నొప్పితో ఇక్కడి పళ్ల డాక్టరు దగ్గరికి పోయాను. ముందు ఒక ఫారం ఇచ్చారు. అందులో ఆ ప్రశ్న ఉంది. ఇన్నేళ్లకు నన్ను అడిగారు. పెన్నుతోనే రాశాను: ఉంది, రోజూ మందులు వేసుకుంటున్నాను. డాక్టరమ్మ చదివి, తలూపి, "ఏ పన్ను?" అంది.

నేను నోరు పెద్దగా తెరిచాను.