పెళ్లిపత్రికల తోరణం

ఈ ఉదయం మా తమిళనాడు ధర్మపురి బస్టాండు దగ్గర దీపావళికి ప్లాస్టిక్ తోరణాలు అమ్ముతున్నారు. మన ఈడువాళ్లకు గుర్తుందా? ఏడాదంతా ఇంటికొచ్చిన పెళ్లిపత్రికలు దాచి, మామిడాకుల్లా కత్తిరించి, నూలుదారానికి గుచ్చి గుమ్మానికి కట్టేవాళ్లం. కొన్నింటి మూలల్లో పసుపు ఇంకా వాసన వేసేది.

నాన్న పోయిన మరుసటి ఏడు మా ఇంటికి ఒక్క పత్రికా రాలేదు. భర్త పోయిన ఆడదాన్ని శుభకార్యాలకు పిలవరని అప్పటికి నాకు తెలియదు. అమ్మ మా పెద్దమ్మ ఇంటికెళ్లి పాత పత్రికలు అడిగింది.

"తీసుకోని పో. ఈడుంటే ఎలకలు కొరికేకే" అని పెద్దమ్మ ఒక కట్ట ఇచ్చింది.

పత్రికలన్నీ తమిళంలో ఉన్నాయి, అమ్మకు తమిళం చదవడం రాదు. ఆమె కత్తిరిస్తుంటే, ఒక ఎర్ర పత్రిక బాగుందని నేను పైకి చదివాను. పెళ్లికూతురి తండ్రి పేరు వినగానే కత్తెర ఆగింది. అది అమ్మ సొంత అన్న పేరు.

"మళ్లా చదువు పాపా."

చదివాను.

"పెండ్లి ఎప్పుడంట?"

"ఆవణి నెలలోనే, రెండు నెలల ముందే అయిపోయిందిమా."

 అమ్మ ఆ పత్రికనూ కత్తిరించి నా చేతికిచ్చింది.

"పేరుండే పక్క లోపలికి తిప్పి కట్టు. వచ్చినోళ్లు చదివేరు."

ఆ దీపావళికి మామ పేరు ఇంట్లో ఉన్న మాకు మాత్రమే కనబడింది.